మతి నిలిపే దానం

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో, అరకులోయ వైద్య శిబిరాల నివేదిక సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



ముసలితనంలో మెదడును తినేసే జబ్బుల గురించి, వాటి మీద ఈమధ్య జరిగిన పరిశోధనల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను కోరారు. తప్పకుండా చెబుతాను. అయితే ముందు నేను చేసిన ఒక పొరపాటు మీ ముందు ఒప్పుకోవాలి.

అరకు దగ్గర కొండమీది ఒక ఊళ్లో శిబిరం పెట్టినప్పుడు ఒక అవ్వను కోడలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "అత్తకు మతి పోయింది సార్, పిలిస్తే పలకదు, తిన్నావా అంటే ఊరికే చూస్తుంది" అంది. నేను తెలుగులో అడిగాను. ఇవాళ ఏ వారం? ఇది ఏ నెల? వందలోంచి ఏడు తీసేస్తే ఎంత? అవ్వ ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. డిమెన్షియా కావచ్చని కాగితం మీద రాసేశాను. పక్కన మందులు పంచుతున్న ఆశా కార్యకర్త నెమ్మదిగా అంది, "సార్, అవ్వకు చెవులు సరిగా వినపడవు. ఆమెకు వచ్చింది కువి భాష, తెలుగు అంతంత మాత్రం."

చెవులు చూస్తే గులిమి గట్టిపడి ఉంది. రెండు కళ్లలోనూ శుక్లాలు. గులిమి తీశాక ఆ అమ్మాయే అవ్వ చెవి దగ్గరగా కూర్చుని కువిలో అడిగింది. ఈసారి నెల పేరు, లెక్కలు అడగలేదు. పొలంలో ఏ పంట కోతకు వచ్చింది, పోయిన సంతలో ఏం అమ్మారు, మనవల పేర్లేమిటి అని అడిగింది. అవ్వ అన్నీ చెప్పింది. మనవల్లో ఎవరు బడికి ఎగ్గొడుతున్నారో కూడా చెప్పింది. నేను రాసిన కాగితం చించేశాను.

ఇవాళ నేను మీకు చెప్పదలచుకున్నది ఆ అవ్వ దగ్గర నేర్చుకున్నదే. మెదడు జబ్బుల మీద జరుగుతున్న పెద్ద పరిశోధనలు కూడా మనల్ని చివరికి అక్కడికే తీసుకువస్తున్నాయి.

ముందుగా జబ్బు సంగతి. 1906లో ఆలోయిస్ ఆల్జీమర్ అనే జర్మన్ వైద్యుడు, మతి తప్పి చనిపోయిన ఒక స్త్రీ మెదడును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. ఆమె చనిపోయేనాటికి వయసు 55 ఏళ్లు. నాడీకణాల బయట ముద్దలు ముద్దలుగా ఏదో పేరుకుని ఉంది. కణాల లోపల దారాల చిక్కుముడులు కనిపించాయి. బయటి ముద్దలు అమిలాయిడ్ అనే ప్రోటీనువని, లోపలి చిక్కుముడులు టౌ అనే మరో ప్రోటీనువని తరవాతి పరిశోధకులు తేల్చారు. పార్కిన్సన్ జబ్బులో ఇలాగే సైన్యూక్లిన్ అనే ప్రోటీను పేరుకుంటుంది. అక్కడ డోపమిన్ తయారుచేసే కణాలు చచ్చిపోతాయి కనుక చేతులు వణుకుతాయి, నడక బిగుసుకుపోతుంది.

మీలో చాలామంది కొత్తవలస నుంచి కిరండుల్ వెళ్లే రైల్లో అరకు వచ్చారు. సొరంగాల మీదుగా వచ్చే ఆ పట్టాల కింద స్లీపర్లు ఉంటాయి కదా. నాడీకణం లోపల కూడా సరుకులు మోసుకెళ్లే సన్నని పట్టాలున్నాయి. వాటిని బిగించి ఉంచే స్లీపర్ల వంటిది టౌ. జబ్బులో ఈ టౌ ఊడిపోయి తనలో తనే చిక్కుకుంటుంది. పట్టాలు విడిపోతాయి, సరుకు ఆగిపోతుంది, కణం చచ్చిపోతుంది. ఇది సాధారణంగా జ్ఞాపకాలు నమోదు చేసే భాగం దగ్గర మొదలవుతుంది. అందుకే పొద్దున తిన్నది గుర్తుండదు, యాభై ఏళ్ల కిందటి పెళ్లి మాత్రం బాగా గుర్తుంటుంది.

ఇంకో సంగతి కూడా తెలిసింది. ఈ ముద్దలు పేరుకోవడం మతిమరుపు బయటపడడానికి పదిహేను, ఇరవై ఏళ్ల ముందే మొదలవుతుంది. డెబ్బై ఏళ్లకు కనిపించే జబ్బు యాభై ఏళ్లకే లోపల బయలుదేరుతోంది.

మరి మందు లేదా? 2023లో అమెరికాలో లెకానెమాబ్ అనే మందుకు అనుమతి వచ్చింది. అది మెదడులోని అమిలాయిడ్‌ను నిజంగానే తొలగిస్తుంది. సుమారు 1,800 మంది మీద పద్దెనిమిది నెలలు పరీక్షించి చూస్తే, జబ్బు ముదరడం 27 శాతం నెమ్మదించింది. నెమ్మదించిందే కాని ఆగలేదు, పోయిన మతి తిరిగి రాలేదు. ఆ పరీక్షలో దానిని రెండు వారాలకొకసారి నరంలోకి ఎక్కించారు. మెదడు వాపు, చిన్న చిన్న రక్తస్రావాలు వస్తాయేమోనని పదేపదే స్కానింగ్ తీస్తుండాలి. విజ్ఞానానికి ఇది పెద్ద అడుగే. కాని అనంతగిరి, హుకుంపేట కొండల్లోని అవ్వకు ఇవాళ అందే మందు కాదు.

ఇక్కడే ఆశ్చర్యపరిచే విషయం ఒకటి ఉంది. కొందరు పెద్దవారు చనిపోయాక మెదడు పరీక్షిస్తే, లోపల ఈ ముద్దలు, చిక్కుముడులు నిండుగా ఉన్నాయి. కాని వారు బతికినన్నాళ్లూ మతి చెక్కుచెదరకుండానే ఉన్నారు. అమెరికాలో 1980ల నుంచి ఇలాంటి కేసులు నమోదవుతూ వచ్చాయి. అదెలా సాధ్యం? మళ్లీ మన రైలు మార్గమే చూడండి. కొండచరియ విరిగి పట్టాల మీద పడితే రైలు ఆగిపోతుంది. ఘాట్ రోడ్డు కూడా ఉంటే సరుకు ఎలాగో కిందికి దిగుతుంది. మెదడులోనూ అదే. జీవితమంతా వాడుకతో ఎక్కువ దారులు వేసుకున్న మెదడు, ఒక దారి మూసుకుపోయినా మరో దారిన పని నడుపుకుంటుంది. జబ్బు రాకుండా ఆపలేకపోయినా, అది బయటపడే రోజును వెనక్కి నెడుతుంది.

ఈ విషయంలో ప్రపంచమంతా చెప్పుకున్న ఒక పరిశోధన మన హైదరాబాదులో జరిగింది. నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి గారి బృందం, 2006 నుంచి 2012 వరకు తమ దగ్గరకు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. వారిలో 391 మందికి రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు వచ్చు. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిషు, ఇలా. ఒకే భాష వచ్చినవారికి జబ్బు సగటున 61 ఏళ్లకు బయటపడితే, రెండు భాషలు వచ్చినవారికి 65 దాటాక బయటపడింది. తేడా నాలుగున్నర ఏళ్లు. ఇది చదువు మహిమేమో అనుకోవచ్చు. కాని అక్షరం ముక్క రానివారిలో కూడా ఈ తేడా కనిపించింది, పైగా అది ఆరేళ్లు. మూడో భాష, నాలుగో భాష వచ్చినందువల్ల అదనపు లాభం మాత్రం కనిపించలేదు. 2016లో అదే బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని చూసింది. మతి దెబ్బతినకుండా బయటపడినవారు రెండు భాషల వారిలో వందకు నలభై మంది, ఒకే భాష వారిలో ఇరవై మంది.

ఇందులో ఒక జాగ్రత్త చెప్పాలి. ఇది ఆసుపత్రికి వచ్చినవారిని చూసి చెప్పిన లెక్క. భాష వల్లనే ఇదంతా జరిగిందని దీనితో రుజువైపోదు. ఇతర దేశాల్లో కొన్ని పరిశోధనల్లో ఈ ఫలితం రాలేదు కూడా. అయినా ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడుతూ రోజుకు వందసార్లు ఇటూ అటూ మారే మనకు ఇది ఆలోచించదగ్గ మాట. పిల్లల నోట ఇంటి భాష ఆగిపోనివ్వకండి.

ఇక అరకు సంగతి. సంతలో ఒక గంట నిలబడితే తెలుగు, ఆదివాసీ ఒడియా, కువి, కొండ భాష వినిపిస్తాయి. బడి మెట్లెక్కని మనిషి కూడా రెండు మూడు భాషల్లో బేరమాడుతుంది. ఇవే తూర్పు కనుమల్లో, ఒడిశాలోని ఫూల్‌బనీ ప్రాంతంలో, ఆచార్య అజిత్ మొహంతి కంధ పిల్లల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. సొంత భాష కుయి, ఒడియా రెండూ మాట్లాడే పిల్లలు, ఒడియా ఒక్కటే మిగిలిన పిల్లలకంటే బుద్ధి పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారని చూపించారు. మనం వెనకబాటు అనుకునే కొండభాష నిజానికి ఒక ఆస్తి.

అయితే ఆ ఆస్తిని కరగదీసేవీ అక్కడ ఉన్నాయి. లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో ఇచ్చిన నివేదికలో పద్నాలుగు కారణాలు చెప్పింది. వాటన్నిటినీ సరిదిద్దగలిగితే ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతం రాకుండా చూడవచ్చు, లేదా ఆలస్యం చేయవచ్చు. అందులో ఉన్నవేమిటి? చిన్నప్పుడు చదువు అందకపోవడం, వినికిడి తగ్గడం, చూపు తగ్గినా వైద్యం చేయించుకోకపోవడం, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, పొగాకు, సారా, తలకు దెబ్బలు, పొగ నిండిన గాలి, దిగులు, ఒంటరితనం వంటివి.

చెవికీ మెదడుకూ సంబంధమేమిటంటారా? వినపడనివాడు అర్థం చేసుకోవడానికే శక్తినంతా ఖర్చు పెడతాడు. మెదడుకు అందే సమాచారం తగ్గుతుంది. నలుగురిలో కూర్చోవడం మానేస్తాడు. ఈ మూడూ కలిసి పనిచేస్తాయని పరిశోధకుల అంచనా. 2023లో వచ్చిన ఒక పరీక్షలో వినికిడి యంత్రాలు అందరికీ ఒకేలా మేలు చేయలేదు. కాని జబ్బు వచ్చే ప్రమాదం ఎక్కువ ఉన్న వృద్ధుల్లో మూడేళ్లలో మతి క్షీణించడం దాదాపు సగానికి తగ్గింది. బీపీ సంగతీ అంతే. శరీరం బరువులో మెదడు వందకు రెండు వంతులు, తినే శక్తి ఇరవై వంతులు. దానికి సన్నని రక్తనాళాలే ఆధారం. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువగా ఉంటే ముందు పాడయ్యేవి అవే.

మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో ప్రచురితమైన జాతీయ అంచనా. పట్టణాలకంటే పల్లెల్లో, మగవారికంటే ఆడవారిలో, చదివినవారికంటే చదవనివారిలో ఎక్కువ. ఈ మూడూ కలిసే చోటు కొండమీది అవ్వ ఇల్లు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈసారి నిధులతో పట్నంలో స్కానింగ్ యంత్రం పెట్టాలని కొందరు పెద్దలు సూచించారు. వారి ఉద్దేశం మంచిదే. నా మనవి మాత్రం వేరు. స్కానింగ్ జబ్బును చూపిస్తుంది, మతిని నిలపదు. అదే డబ్బుతో కొండల్లో నాలుగు పనులు చేద్దాం.

ఒకటి, ప్రతి శిబిరంలో చెవి, కన్ను పరీక్ష. శుక్లాల ఆపరేషన్లు, వినికిడి యంత్రాలు. యంత్రం ఇచ్చి వచ్చేస్తే అది బ్యాటరీ అయిపోయి డబ్బాలో పడి ఉంటుంది. మూడు నెలలకొకసారి వెళ్లి చూసే మనిషి ఉండాలి. రెండు, బీపీ మాత్రలు. ఏడాదికొక శిబిరంలో పది రోజుల మందు ఇస్తే ప్రయోజనం లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంతో కలిసి నెలనెలా అందేలా చూడాలి. మూడు, ఆడపిల్లల చదువు. ఇవాళ బడిలో నిలబెట్టిన పిల్ల అరవై ఏళ్ల తరవాత మతితో ఉంటుంది. ఇంతకంటే దూరం వెళ్లే సదఖయె జారియా ఏముంది? నాలుగు, కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే స్థానిక యువతీ యువకులకు శిక్షణ ఇచ్చి, గౌరవ వేతనంతో మనతో ఉంచుకోవడం. మతి పరీక్షలను ఐసీఎంఆర్ తెలుగుతో సహా అయిదు భాషల్లో తయారుచేయించింది. ఆ అయిదింటిలో కువి లేదు. ఆ ఆశా కార్యకర్త లేకపోతే, నేను ఒక మనిషికి లేని జబ్బు రాసి పంపేవాణ్ని.

నిజంగా జబ్బు ఉన్నవారూ ఉంటారు. వారికి దయ్యం పట్టిందని కొట్టకుండా, కట్టేయకుండా చూడాలి. బి12 లోపం, థైరాయిడ్, దిగులు వంటి సరిచేయగల కారణాలేమైనా ఉన్నాయేమో పరీక్షించాలి. చూసుకునే కోడలికి, కూతురికి ఒక్కరోజైనా విశ్రాంతి దొరకాలి.

అక్కడ మనవాళ్లు ఎంతమంది అని ఒక సోదరుడు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జకాత్ ఎవరికి చెందాలన్నది ఉలమా చెప్పినట్లే జరుగుతుంది, దానిని ముట్టుకోమని నేను అనడం లేదు. అడుగుతున్నది సదఖా, లిల్లాహ్ నిధుల నుంచి. సుల్తాన్ ఖలావూన్ 1284లో కైరోలో ప్రారంభించిన ఆసుపత్రి వక్ఫ్ ఆస్తుల ఆదాయంతో నడిచింది. ధనికుడు, పేద, ఊరివాడు, పరాయివాడు అనే తేడా దాని తలుపు దగ్గర లేదు. మనది ఆ వారసత్వం.

అన్నీ తెలిసి చివరికి ఏమీ తెలియని స్థితికి చేరే ముసలితనం నుంచి దైవప్రవక్త (స) అల్లాహ్ శరణు కోరేవారు. వృద్ధులైన తల్లిదండ్రుల మీద విసుక్కోవద్దని దివ్య ఖుర్ఆన్ మనకు ఆజ్ఞాపించింది. ఇంటికి వెళ్లాక మీ అమ్మానాన్నల దగ్గర కాసేపు కూర్చోండి. వారి చెవి వినపడుతోందో లేదో చూడండి, బీపీ చూపించండి. ఆ తరవాత కొండమీది ఆ అవ్వను తలచుకుని, మీకు తోచినంత ఈ నిధికి రాయండి.

అల్లాహ్ మనందరికీ మతి, చూపు, వినికిడి చివరిదాకా నిలిపి ఉంచుగాక. మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.