తడిసిన చెక్కనేల

వాన వెలిసిన తరువాత ఇంటివారు మొట్టమొదట తలయెత్తి పైకప్పును చూస్తారు. నేలను అంతగా చూడరు. నీరు తీసినది, తుడిచినాము, పంకా పెట్టినాము, ఆరిపోయినది అనుకొంటారు. బండలు పరచిన ఇండ్లలో ఆ మాట చాలవరకు నిజమే. షాబాదు బండ నీటికి వెరవదు. పేడతో అలికిన మట్టినేల కరిగినా మరల అలుకుకొనవచ్చును. ఇటీవల మన పట్టణాల ఇండ్లలోనికి వచ్చిన లామినేటు నేల సంగతి వేరు.

ఈ పలకలు చెక్కవలె కనబడతాయి గాని నిజమైన చెక్క పలకలు కావు. చెక్కనారను జిగురుతో కలిపి, మిక్కిలి ఒత్తిడితో అదిమి అట్టగా చేస్తారు. దానిపై టేకు చారల బొమ్మ అచ్చువేసిన కాగితము, ఆ పైన గీతలు పడని గట్టి పూత. 1977లో స్వీడను దేశములో పెర్‌స్టార్ప్ సంస్థవారు దీనిని కల్పించినారు. పైపూత నీటిని ఆపుతుంది; అతుకులు ఆపవు. అతుకుగుండా నీరు దిగినదా, అదిమిపెట్టిన నార విచ్చుకొని ఉబ్బుతుంది. ఆరిన తరువాత కూడ మునుపటి మందమునకు రాదు. బరువులు పెట్టినా, ఇస్త్రీపెట్టెతో కాచినా ఫలితము లేదు. ఉబ్బిన పలకను బాగుచేయుట అనే మాటే లేదు, మార్చుటయే.

జనగామ వైపు జనులకు వరదకన్న కరువే ఎక్కువ ఎరుక. అక్కడ ఈ నేలకు శత్రువు వేసవిలో కిటికీకడ కారే కూలరు, లేదా స్నానాలగది గడప. అట్టిచోట చెడేవి నాలుగైదు పలకలే. దగ్గరి గోడ అంచుపట్టీని ఊడదీసి, వరుసలను ఒక్కొక్కటిగా విప్పుతూ చెడిన పలకవరకు రావలెను. విప్పిన పలకల వెనుక సుద్దతో అంకెలు వేసికొంటే మరల కూర్చునపుడు తికమక ఉండదు. మొదట నేల వేయించిననాడే ఒక పెట్టె పలకలు అటకమీద దాచినవారు అదృష్టవంతులు. రెండేండ్ల తరువాత అదే రంగు అంగడిలో దొరకుట కష్టము.

వరద నీటికి ఈ ఉపాయము పనికిరాదు. 2023 జూలై 27న భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచినపుడు జనులు మిద్దెలెక్కి ప్రాణములు దక్కించుకొన్నారు. సైనిక హెలికాప్టరులు రావలసివచ్చినది. ఆ ఉదయమునకు ముగిసిన ఇరువదినాలుగు గంటలలో పొరుగున ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసినది. అట్టి నీటిలో మురుగు ఉంటుంది, బురద ఉంటుంది. అది సోకిన లామినేటును, దాని కింది నురుగుపొరతో సహా, ఆశ విడిచి పారవేయవలెను. ఇంటి మెయిను స్విచ్చి తీసిన తరువాతనే పనిలో దిగవలెను. ముక్కుకు గుడ్డ కట్టుకొనవలెను.

మా అక్కగారి ఇల్లు మానుకోటలో. మహబూబాబాదును మేము అట్లే పిలుస్తాము. 2024 సెప్టెంబరు మొదటి తేదీన, కేసముద్రము దగ్గర రైలు పట్టాల కింది కంకర కొట్టుకొనిపోయిన ఆ వానలోనే, వారి ముందుగదిలో మోకాలిలోతు నీరు నిలిచినది. పది దినములకు పలకల అంచులు అప్పడమువలె లేచినవి. పనివాడు వచ్చి పాతవి తీసి మూడవ వారములోనే కొత్తవి పరచినాడు. దసరాకు చుట్టాలు వస్తారని అక్కయ్య తొందర. ఆ తొందరలో నేనును పాలుపంచుకొన్నాను. సంక్రాంతినాటికి కొత్త నేలయు ఉబ్బినది. గదిలో ముక్కవాసన, మనుమరాలికి విడువని దగ్గు. పలకలెత్తి చూస్తే కింద నల్లని బూజు.

తప్పు పలకలది కాదు, గచ్చుది. గచ్చు పైకి తెల్లగా ఆరినా లోపల నీరు దాచుకొంటుంది. అంగుళము మందమునకు నెల పడుతుందని ఒక అంచనా. భాద్రపదపు తేమగాలిలో ఇంకను ఎక్కువ. పరీక్ష సులభము. రెండడుగుల చదరపు పాలిథీను ముక్కను గచ్చుపై పరచి, నాలుగు అంచులు టేపుతో బిగించి, పదహారు గంటలు ఉంచవలెను. విప్పినపుడు లోపల చెమ్మ పట్టినా, గచ్చు నల్లబారినా ఇంకను ఆరలేదన్నమాట. ఒక్కచోట చూచి తృప్తిపడరాదు. గోడల మూలలలో, గడపకడ కూడ చూడవలెను.

అక్కయ్య ఈమారు వేసవి దాక ఆగినది. గచ్చును గీచి కడిగించి, తలుపులు తెరచి ఆరబెట్టినది. పరీక్ష రెండుమార్లు చేసినాము. తరువాత ముందుగదిలో బండలే పరపించినది. మేడమీది గదిలో మాత్రము కొడుకు ముచ్చటకొరకు లామినేటు వేయించినది. పెట్టెలను రెండుదినములు అదే గదిలో ఉంచి, గోడల వెంబడి పది మిల్లీమీటర్ల సందు విడిచి పరచినారు. మిగిలిన పెట్టె అటకమీద ఉన్నది. దగ్గు తగ్గిన మనుమరాలు మధ్యాహ్నము ఆ బండలమీదనే పడుకొంటుంది.