తిరునాళ్ళలో గుసగుస వినడం ఎలా?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ల్యాబొరేటరీలో అన్నేళ్ళు ఏం చేశారండీ?" అని మా వియ్యంకుడుగారు అడుగుతుంటారు. పాలు, నీళ్ళ నమూనాల్లో బీటా రేడియేషన్ ఎంతుందో లెక్కపెట్టడం నా ఉద్యోగం. 1950, 60 దశకాల్లో ఆకాశంలో పేల్చిన అణుబాంబుల వల్ల స్ట్రాన్షియం-90 గడ్డి మీద పడి, ఆవుపాలలోకి వచ్చింది. అది కాల్షియంలాగే ఎముకల్లో చేరుతుంది. పసిపిల్లలు తాగే పాలు కనుక కొలత తప్పకూడదు.

చిక్కేమిటంటే, నమూనా పెట్టకపోయినా కౌంటరు టిక్కుటిక్కుమంటూనే ఉంటుంది. ఆకాశం నుంచి వచ్చే మ్యూయాన్లు అరచేయంత జాగా మీద నిమిషానికి సుమారు వంద పడతాయి. గోడల్లో యురేనియం, థోరియం అంశలు, మూసిన గదిలో రేడాన్ వాయువు, గాజులో పొటాషియం ఉంటాయి. అంతెందుకు, మన ఒంట్లోని పొటాషియమే సెకనుకు సుమారు నాలుగు వేల కణాలు విసురుతుంది! ఈ గోలనే మేము బ్యాక్‌గ్రౌండ్ అంటాం.

ఒక చిన్న లెక్క చూడండి. పది నిమిషాల్లో ఖాళీ కౌంటరు 100, నమూనాతో 112 చూపిందనుకోండి. తేడా 12. కానీ ఈ లెక్కల్లో సహజంగా ఉండే ఊగిసలాటే దాదాపు 15. కాబట్టి నమూనాలో ఏదో ఉందని సంతకం పెట్టలేం. అదే గోలను 4కు తగ్గిస్తే, నమూనాతో 16 వస్తుంది. తేడా అదే 12; ఊగిసలాట నాలుగున్నరే. ఇప్పుడు ధైర్యంగా మాట్లాడవచ్చు.

తగ్గించడమెలా? మొదటిది, చుట్టూ సీసపు ఇటుకలు. అయితే కొత్త సీసంలోనే సీసం-210 ఉంటుంది. అది సుమారు 22 ఏళ్ళకు సగమవుతుంది. అందుకే పాత సీసానికి గిరాకీ. ఇటలీలో 2010లో, రెండు వేల ఏళ్ళ నాడు మునిగిన రోమన్ ఓడలోని సీసపు దిమ్మెలను గ్రాన్ సాసో కొండ కింది ప్రయోగశాలకు ఇచ్చారు.

సీసాన్ని కూడా దాటివచ్చే మ్యూయాన్లకు రెండో ఉపాయం. అసలు కౌంటరు చుట్టూ కాపలా కౌంటర్లు పెడతారు. బయట వాకిట్లోనూ లోపల గదిలోనూ ఒకే క్షణంలో గంట మోగితే, వచ్చినవాడు ఇంటివాడు కాదు, దారినపోయేవాడు. ఆ లెక్క కొట్టేస్తాం. నమూనాలోని బీటా కణం బలహీనమైనది, లోపలే ఆగిపోతుంది. కార్బన్ డేటింగ్ కనిపెట్టిన లిబ్బీ గారు ఈ పద్ధతితోనే నిమిషానికి వంద పైచిలుకు గోలను అయిదారుకు దించారు. ఆయనకు 1960లో నోబెల్ బహుమతి వచ్చింది.

మూడోది, గదిలో గాలి ఆడనివ్వడం, శుభ్రత, ఓపిక. ఒక్కొక్క నమూనాను రాత్రంతా లెక్కపెట్టేవాళ్ళం.

చివరగా ఒక మనవి. ఏ పరీక్ష రిపోర్టులోనైనా "లేదు" అని ఉంటే, ఎంతకంటే తక్కువ ఉంటే ఆ యంత్రానికి కనబడదో అడగండి. పిల్లల చేత కూడా అడిగించండి. అది సంతకం పెట్టినవారు చెప్పవలసిన మాటే.