బ్యాంకులో మాట కాదు, కాగితం అడగాలి
(మండల రైతు సభలో చేసిన ప్రసంగ పాఠం)



అప్పుల గురించి మనం ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఇవాళ నేను మాట్లాడేది మన సొమ్ము గురించి. పొదుపు ఖాతాలో పడ్డ మన పైసలను బ్యాంకు ఆపితే వాటిని ఎట్లా తెచ్చుకోవాలో చెప్తాను. ఇందులో నేను చేసిన తప్పు కూడా ఉంది. అదీ దాచకుండా చెప్తాను.

2024 యాసంగిలో మా ఊరి అక్క ఒకామె కొనుగోలు సెంటర్‌లో 40 క్వింటాళ్ల వడ్లు పోసింది. ఏ గ్రేడు ధర 2,203 రూపాయల చొప్పున 88,120 రూపాయలు ఖాతాలో పడ్డాయి. బ్యాంకుకు పోతే పైసలు కనబడుతున్నాయి గానీ చేతికి రావు. ‘హోల్డ్ పెట్టినం’ అన్నారు. ఎందుకని అడిగితే, చనిపోయిన ఆమె భర్త పేరు మీద పంట రుణం బాకీ ఉందట.

ఆ రుణం కాగితాల మీద అక్క సంతకం లేదు. జమానతు లేదు. వడ్లు పండిన రెండెకరాలు పుట్టింటివాళ్లు ఇచ్చినవి, పాసుబుక్కు ఆమె పేరు మీదే ఉంది. ఖాతా కూడా ఆమె ఒక్కదానిదే. మృగశిర దగ్గర పడింది. విత్తనాలకు, డీఏపీకి, బిడ్డ కాలేజీ ఫీజుకు ఆ పైసలే ఆధారం. నాలుగుసార్లు తిరిగితే నాలుగుసార్లూ ఒకటే జవాబు: ‘మా చేతిలో లేదమ్మా, పైనుంచి వచ్చింది.’

అప్పుడు ఆమె నా దగ్గరికి వచ్చింది. నేనేం చేశాను? పదిహేను మందిని వెంటేసుకొని పోయి బ్యాంకులో గట్టిగా అరిచాను. మేనేజర్ కుర్చీలు వేయించి, చాయ్ తాగించి, ‘వారంలో తీసేస్తా’ అన్నాడు. గెలిచామనుకొని ఇంటికొచ్చాం. వారం పోయింది, ఇరవై రోజులు పోయాయి. మళ్లీ పోతే ఆ మేనేజర్ బదిలీ అయ్యాడు. కొత్తాయన ‘ఆ సంగతి నాకు తెలియదు’ అన్నాడు. మాట ఇచ్చినాయనతోనే మాట కూడా బదిలీ అయిపోయింది. మా చేతిలో ఒక్క కాగితం ముక్క లేదు.

అప్పుడు దరఖాస్తు రాశాం. తెలుగులోనే, ఒకటే పేజీ. నాలుగు ప్రశ్నలు అడిగాం. నా ఖాతా మీద హోల్డ్ ఏ తేదీన, ఎవరి ఉత్తర్వుతో పెట్టారు? ఏ నిబంధన కింద పెట్టారు? ఏ రుణ పత్రం మీద నా సంతకం ఉంది? పెట్టే ముందు నాకు నోటీసు ఇచ్చారా? జవాబు రాతపూర్వకంగా ఇవ్వమన్నాం. రెండు ప్రతులు తీసుకుపోయాం. ఒకటి వాళ్లకు, ఒకటి ముద్ర వేసి మనకు. ముద్ర వేయమన్నారు. సరే అని స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకున్నాం. అది చాలు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. బాకీ పడ్డవాని సొంత ఖాతా మీద బ్యాంకుకు కొంత హక్కు ఉంది. లేదని చెప్పి మిమ్మల్ని తప్పుదారి పట్టించను. కానీ అప్పు ఎవరిదో ఖాతా వాళ్లదే కావాలి. చనిపోయినవారి అప్పుకు వారసుల బాధ్యత, వారి నుంచి వచ్చిన ఆస్తి మేరకే. వారసుల సొంత కష్టార్జితం మీదికి రాదు. మహిళా సంఘాల అక్కలు ఇంకోటి గుర్తుపెట్టుకోండి: 10 లక్షల లోపు సంఘం రుణాలకు సంఘం పొదుపు ఖాతా మీద లీన్ పెట్టరాదని రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ స్పష్టంగా చెప్తుంది.

ముప్పై రోజులు చూశాం. జవాబు రాలేదు. ముప్పై రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. 2021లో వేర్వేరు పథకాలను కలిపి ఒక్కటి చేశారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్ అనే వెబ్‌సైట్‌లో అక్క బిడ్డ తన ఫోన్‌లోనే ఫిర్యాదు ఎక్కించింది. దరఖాస్తు, పోస్టు రసీదు, పాసుపుస్తకం పేజీ, వడ్ల చీటీ ఫొటోలు జతచేసింది. వెంటనే ఫిర్యాదు నంబర్ వచ్చింది. ఫోన్ లేనివాళ్లు చండీగఢ్ సెక్టార్ 17లోని రిజర్వ్ బ్యాంకు కేంద్రానికి ఉత్తరం రాయవచ్చు. సందేహాలుంటే 14448కు ఫోన్ చేయండి. ఎవరైనా ఓటీపీ అడిగితే మాత్రం చెప్పవద్దు.

మూడు వారాలు తిరక్కముందే బ్యాంకు నుంచే ఫోన్: ‘అమ్మా, హోల్డ్ తీసేశాం, వచ్చి తీసుకోండి.’ నాలుగుసార్లు పోతే తల ఎత్తి చూడనివాళ్లు, ఈసారి వాళ్లే పిలిచారు.

కానీ అప్పటికి ఆగస్టు వచ్చింది. జూన్‌లో ఆ అక్క నూటికి మూడు రూపాయల మిత్తికి 40,000 తెచ్చి నాటు వేసింది. రెండు నెలలకు 2,400 మిత్తి కట్టింది. అందులో నేను అరిచి పోగొట్టిన ఇరవై రోజుల పాలు కూడా ఉంది. ఫిర్యాదులో నష్టపరిహారం అడగడం కూడా మరిచాం. మీరు మరవకండి.

భర్త బాకీ ఇంకా ఉంది. దాని సంగతి వేరే మాట్లాడుకుంటున్నాం. అది ఆయన పేరు మీది భూమికి సంబంధించిన లెక్క, అక్క వడ్ల పైసలకు సంబంధం లేదు.

ఒక హెచ్చరిక. ఊరి సొసైటీ అప్పుల గొడవలు ఈ అంబుడ్స్‌మన్ కిందికి రావు, వాటికి జిల్లా సహకార అధికారి దగ్గరికి పోవాలి. ప్రభుత్వ బ్యాంకైతే 10 రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు కూడా వేయవచ్చు. హోల్డ్ ఉత్తర్వు నకలు అడగండి.

ధర్నాలు వద్దని నేను అనడం లేదు. ధర్నాకు పోయే ముందు దరఖాస్తు ఇచ్చి పోదాం. ముప్పై రోజుల లెక్క మనం కాగితం ఇచ్చిన రోజు నుంచే మొదలవుతుంది, అరిచిన రోజు నుంచి కాదు.

ఇట్లా పైసలు ఆగినవాళ్లు ఈ సభలో ఉంటే మొహమాటపడకుండా లేవండి. పాసుపుస్తకం తెచ్చుకుంటే ఇవాళే, ఈ చెట్టు కిందనే దరఖాస్తు రాద్దాం. రాయరానివాళ్లకు మా పిల్లలు రాసిపెడతారు.

సెలవు.