జంట కండెల గిటారు, ఒంటి కండె గొంతు

రేడియో గల ఇండ్లవారికి హోరు అనునది క్రొత్త సంగతి కాదు. మీడియం వేవులో కచేరీ వినుచుండగా ప్రక్కన ట్యూబులైటో, చవుకబారు ఎల్.ఇ.డి. దీపమో వెలిగించినచో పాట వెనుక రొద యొకటి బయలుదేరును. రేడియోలోని తీగచుట్ట, కోరిన తరంగముతోపాటు ఇంటి కరెంటు వెదజల్లు రొదను కూడ పట్టుటయే ఇందుకు కారణము. ఎలక్ట్రిక్ గిటారులోనున్నదియు ఇట్టి తీగచుట్టయే. దాని కష్టము కూడ ఇదియే.

సిద్దిపేటనుండి ఒక సోదరి మాకు వ్రాసినారు. ఆమె తమ్ముడు పెండ్లి వేదికలపై పాటల బృందముతో గిటారు వాయించును. అతనివద్ద ఉన్నది హంబకరు గిటారు. పాత సినిమా పాటలలో వినవచ్చు సన్నని, తళుకుగల మోత దానినుండి వచ్చుట లేదట. అప్పు చేసియైనను సింగిల్ కాయిల్ గిటారు కొనెదనని అతడు పట్టుపట్టినాడు. ఉన్నదానినే సరిచేయవచ్చునా యని ఆమె ప్రశ్న. అప్పు మాట వచ్చినది గనుక కొంచెము వివరముగా చెప్పుట న్యాయము.

గిటారు తీగెల క్రింద అయస్కాంతమును, వెంట్రుకవంటి రాగితీగను వేల చుట్లు చుట్టిన కాయిలును అమర్చెదరు. గొల్లభామ చీరలు నేయు ఊరివారికి దీని రూపము వేరుగ వర్ణింప నక్కరలేదు. నూలుకు బదులు రాగి చుట్టిన కండె యనుకొనిన చాలును. ఉక్కుతీగె కదలినపుడు అయస్కాంత క్షేత్రము చలించి కండెలో అతిస్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఆంప్లిఫయరు దానిని పెంచి స్పీకరునకు పంపును. వీణకు తగిలించు కాంటాక్టు మైకు పద్ధతి వేరు. అది కొయ్య కంపనమును పట్టును. అందుచే తీగె కంచుదైనను, ఇత్తడిదైనను దానికి ఒక్కటే. గిటారు కండెకు ఉక్కు లేనిదే పని జరుగదు.

1954లో వెలువడిన ఫెండర్ స్ట్రాటోకాస్టరులో ఇట్టి ఒంటి కండెలు మూడున్నవి. ఒక్కొక్కదానికి దాదాపు 8 వేల చుట్లు. మోత స్వచ్ఛము. కాని మన 50 సైకిళ్ల కరెంటు ఉన్న చోటనెల్ల గుంయిమను హోరు దానికి తోడు. పాట జోరుగా నున్నంతసేపు ఎవరికిని వినబడదు. పల్లవికిని చరణమునకును నడుమ నిశ్శబ్దము రాగానే బయటపడును.

గిబ్సన్ సంస్థలో ఆంప్లిఫయర్ల పని చేసిన సేత్ లవర్ దీనికొక ఉపాయము కనిపెట్టి 1955లో పేటెంటునకు దరఖాస్తు పెట్టినాడు. 1957నుండి అది గిటార్లలోనికి వచ్చినది. పేటెంటు 1959లో లభించినది. ఒకటికి రెండు కండెలను ప్రక్కప్రక్కన ఉంచి, వెలుపలి హోరు ఒకదానిలో ముందునకు ప్రవహించునపుడు రెండవదానిలో వెనుకకు ప్రవహించునట్లు కలిపినాడు. ప్లస్సు, మైనస్సు కలిసి సున్న. అయినచో పాట కూడ సున్న కావలెను గదా? కాదు. రెండవ కండె క్రింది అయస్కాంత ధ్రువమును కూడ తారుమారు చేసినాడు. అందుచే తీగె పలికిన ధ్వని రెండు మారులు తిరుగబడి, మొదటిదానితో కలిసి బలపడును. ఇంత పొదుపైన ఉపాయము విద్యుద్వాద్యములలో మరియొకటి లేదని నా అభిప్రాయము.

అయితే ఊరకే ఏదియు రాదు. రెండు కండెలు తీగెను రెండు చోట్ల వినును. ఆ రెండు చోట్ల ఎదురెదురుగా కదలు హెచ్చు స్థాయి అనుస్వరములు ఒకదానినొకటి చంపుకొనును. ఒకదాని వెంట ఒకటిగా కలిపిన కండెల ఇండక్టెన్సు పెరిగి, పొడవాటి కేబులుతో చేరి, పైస్థాయి నాదమును మరింత నణచివేయును. మిగిలినది నిండైన, మెత్తని గొంతు. ఆ తమ్మునికి కొరత యనిపించునది ఈ పోయిన తళుకే.

ఇక చికిత్స. మొట్టమొదట స్క్రూడ్రైవరుతో పికప్పును తీగెలకు కొంత దూరముగా దింపి, దాని మరలను మాత్రము కొద్దిగా పైకి త్రిప్పి వినవలెను. పైసా ఖర్చు లేదు; మోత సన్నబడును. చాలనిచో కండెలను సమాంతరముగా కలుపుట ఉత్తమము. అపుడు ఇండక్టెన్సు సుమారు నాలుగవ వంతునకు దిగి తళుకు వచ్చును, హోరు మాత్రము రాదు. బలము కొంత తగ్గును గాని ఆంప్లిఫయరు ఉన్నది గదా!

అందరును చెప్పునది మూడవ మార్గము: పైకి లాగు స్విచ్చుతో ఒక కండెను నోరు మూయించుట. ఇది నిజముగ ఒంటి కండెయే, కాని ఫెండరు కండె కాదు. దీనికి 5 వేల చుట్ల చిల్లర, దానికి 8 వేలు. దీనిలో ఉక్కు మరల క్రింద అడ్డముగా అయస్కాంతపు కడ్డీ. దానిలో కండె నడుమ నిలిచిన కడ్డీలే అయస్కాంతములు. కావున గొంతు పోలును గాని, బలము తగ్గి కొంత పలుచబడును. పైగా, పోయినదనుకొన్న హోరు తిరిగి వచ్చును. రంగుదీపములకు డిమ్మర్లు బిగించిన పెండ్లి వేదికపై ఇది చిన్న విషయము కాదు. రెండవ కండెను పూర్తిగా మూయక, నడుమ ఒక రెసిస్టరు పెట్టి కొంత పలుకనిచ్చినచో బలమును నిలుచును, హోరును కొంత తగ్గును. నేనైతే సమాంతరమునకే ఓటు వేసెదను.

వీనిలో ఏదైనను పికప్పునుండి నాలుగు వైర్లు బయటికి వచ్చినపుడే సులభము. ఒక వైరు, దానిపై జాలితొడుగు మాత్రమే ఉన్నచో పికప్పును విప్పవలెను. ఆ రాగితీగ మందము మిల్లీమీటరులో పదునారవ వంతు. టంకపు కడ్డీ తగిలిన తెగును, తెగిన అతుకుట కష్టము. రేడియో మరమ్మతులలో చేయి తిరిగినవారికే అప్పగించుట మేలు. గిటారు లోపల రాగిరేకు అంటించుట చరచరలను తగ్గించును గాని, ట్రాన్సుఫార్మరులు పంపు అయస్కాంతపు హోరును ఆపదు.

రెండు హంబకర్లనును విడదీయదలచినచో, ఒకదానిలో ఉత్తర ధ్రువపు కండెను, రెండవదానిలో దక్షిణ ధ్రువపు కండెను ఉంచుమనవలెను. చుట్టు దిశలు కూడ ఎదురైనవై, రెండును కలిపి వాయించునపుడు హోరు తిరిగి సున్న యగును. ఒక్కటే వాయించునపుడు మాత్రము, ట్రాన్సిస్టరును అటునిటు త్రిప్పి స్టేషను పట్టినట్లు, గిటారుతో కొంచెము ప్రక్కకు తిరిగి చూడవలెను. హోరు అణగు దిక్కు ఒకటి దొరకును.