చదివి వినిపిద్దాం

(తన్లిన్‌లో జరిగిన మన వేదిక వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను సివిల్ డిప్లొమా చదివినవాణ్ని. సాహిత్యం నా పని కాదు. అయినా ఒక ఆఫ్రికా రచయిత గురించి మాట్లాడతానని కార్యవర్గాన్ని అడిగి మరీ ఒప్పించాను. ఆయన చేసిన పని మన సైటుకి పనికొస్తుంది కాబట్టి.

ఆయన పేరు గూగీ వా థియాంగో. కెన్యాలో 1938లో పుట్టారు, 2025 మే నెలలో పోయారు. నైరోబీ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా చేశారు, ఇంగ్లీషులో నవలలు రాసి పేరు తెచ్చుకున్నారు. ఆయన చదువుకున్న రోజుల్లో బడిలో సొంత భాష గికుయు మాట్లాడుతూ దొరికితే బెత్తం దెబ్బలే. గాడిద అని రాసిన రేకు మెడలో వేసేవారు కూడా.

తర్వాత ఆయన తన ఊరు కామిరీతులో కూలీలు, రైతులతో కలిసి పనిచేశారు. అక్కడ పెద్దవాళ్లకి అక్షరాలు నేర్పేవారు. 1977లో ఆ జనంతోనే గికుయులో నాటకం వేశారు. రాసింది గూగీ, ఇంకో గూగీ, ఆయన ఇంటిపేరు వా మీరీ. రాసింది చదివి వినిపిస్తే, ముసలివాళ్లు మాట్లాడే తీరు ఇది కాదని ఊరి పెద్దలు దిద్దారు. ప్రొఫెసరుగారు దిద్దుకున్నారు! రంగస్థలం కూడా వాళ్లే కట్టుకున్నారు. ముందు అగ్గిపుల్లలతో నమూనా, ఆ తర్వాత రెండువేల మంది కూర్చునే ఆరుబయలు థియేటరు. డ్రాయింగు రాలేదని నెలంతా కూర్చునేవాళ్లకి ఈ ముక్క చెప్పాలి.

కొన్ని వారాలకే ప్రభుత్వం నాటకం ఆపించింది. ఆ డిసెంబరు 31న గూగీని పట్టుకెళ్లి విచారణ లేకుండా ఏడాది పాటు జైల్లో పెట్టారు. 1982లో థియేటర్ని కూడా కూలగొట్టారు. జైల్లో ఆయన టాయిలెట్ కాగితం మీద గికుయులో నవల రాశారు. దాన్ని వరవరరావుగారు తానూ జైల్లో ఉన్నప్పుడే తెలుగు చేశారు, 'మట్టికాళ్ల మహారాక్షసి' అని.

చదవడం రానివాళ్లకి ఆ నవల ఎలా చేరింది? ఇళ్లల్లో సాయంత్రాలు ఒకరు చదివితే మిగతావాళ్లు విన్నారు. బీరు దుకాణాల్లో కూడా చదివేవారు. గ్లాసు ఖాళీ అయితే చదివేవాడు పుస్తకం కింద పెట్టేసేవాడట, వినేవాళ్లు మళ్లీ పోయించాల్సిందే.

ఇప్పుడు మన సంగతి. ఈ ఊరిని సిరియం అనే రోజుల్లో నూనె శుద్ధి కర్మాగారంలో మనవాళ్లు పనిచేశారు. కోరంగి రేవు పేరు మీద మనల్ని కోరంగీలన్నారు. 1942లో ఎందరో, 1960ల్లో ఇంకెందరో తిరిగి వెళ్లిపోయారు. మిగిలినవాళ్ల మనవలు మనతో తెలుగులో కబుర్లాడతారు, తెలుగు పుస్తకం ఇస్తే మాత్రం బొమ్మలు చూసి ఇచ్చేస్తారు. వాళ్ల చదువంతా బర్మీసులో. మన ఊళ్లనుంచి వచ్చినవాళ్లలో కొందరికి ఏ అక్షరమూ రాదు.

ఒక సైటులో గొయ్యి పక్కన దిగరాదని బోర్డు ఉంది, ఇంగ్లీషులోనూ బర్మీసులోనూ. మన శ్రీకాకుళం కుర్రాడు దిగాడు. మట్టి విరిగి నడుం దాకా కప్పేసింది. ప్రాణం దక్కింది, కాలు దక్కలేదు. కంపెనీ కాగితంలో హెచ్చరిక ఉందని రాశారు. అదేమీ అబద్ధం కాదు. ఆ కాగితం మీద కుర్రాడి వేలిముద్ర కూడా వేయించారు, అందులో ఏముందో ఎవరూ చదివి చెప్పలేదు.

కాబట్టి నేను అడిగేది రెండే. పొద్దున పని మొదలయ్యే ముందు ఆ రోజు జాగ్రత్తలు తెలుగులో చదవాలి. ఆ మాటలు నాలాంటి సూపర్‌వైజరు రాస్తే 'తవ్వకం జరుగుచున్న ప్రాంతము' అని వస్తాయి. 'గొయ్యి, దిగకు' అని మేస్త్రీలు దిద్దాలి. రెండోది, ఎవరూ విన్న తర్వాత కాకుండా ముందే ఏ కాగితం మీదా వేలు పెట్టొద్దు.

వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఇక్కడే మొదలుపెడదాం. మీ కాంట్రాక్టు కాగితాలు తెచ్చుకోండి, చదవడం వచ్చినవాళ్లం చదువుతాం. కాగితాలు అయ్యాక కథ ఒకటి చదువుకుందాం. బీరు ఉండదు. టీ నేను పోయిస్తాను.