పరదేశంలో పోతపోసిన తెలుగు అక్షరం

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలంగాణ పల్లెల నుండి మగ్గాన్ని నమ్ముకొని షోలాపూరు చేరిన పద్మశాలి కుటుంబాలు నేతపనితో పాటు తెలుగును కూడా వెంట తెచ్చుకొన్నాయి. నేతపని కూడు పెట్టింది. దుప్పటికీ తువ్వాలుకూ ఈ ఊరి పేరు నిలబెట్టింది. తెలుగును నిలబెట్టే బాధ్యత బడిపై పడింది. ఈ శుభసమయాన స్మరింపదగిన మహనీయుడు ఒకరున్నారు. ఆయనకు తెలుగు పుట్టుకతో వచ్చినది కాదు. ఆయన జర్మనీ దేశీయుడు. పేరు బెంజమిన్ షుల్జ్.

షుల్జ్ 1689లో బ్రాండెన్‌బర్గ్ రాజ్యంలోని సోన్నెన్‌బర్గ్‌లో జన్మించారు. హాలే నగరంలో విద్యాభ్యాసం చేశారు. ఫ్రాంకె అనే మతాచార్యుడు స్థాపించిన అనాథ శరణాలయం ఆ నగరంలోనే ఉండేది. దానికి అనుబంధంగా బడులు, ముద్రణాలయం నడిచేవి. దిక్కులేని బిడ్డకు అన్నం పెట్టడంతో సరిపుచ్చక అక్షరం కూడా నేర్పాలన్నది అక్కడి ఆదర్శం. ఆ ఆదర్శంతోనే షుల్జ్ 1719లో సముద్రం దాటి తమిళదేశంలోని తరంగంబాడి చేరారు. కొద్ది నెలలకు ముందే మరణించిన జీగెన్‌బాల్గ్ సగంలో విడిచిన తమిళ బైబిలు అనువాదాన్ని పూర్తిచేశారు. సహచరులతో ఆయనకు అంతగా పొసగలేదు. 1726లో మద్రాసు చేరి అక్కడ బడి తెరిచారు.

మద్రాసులో తెలుగువారు విస్తారంగా ఉండేవారు. వారితో మాట్లాడవలెనంటే వారి భాషే రావలెనని షుల్జ్ గ్రహించారు. నలువదికి చేరువైన వయసులో ఓనమాలతో ఆరంభించారు. 1728 నాటికి 'గ్రమ్మాటికా తెలుగికా' అనే పేరుతో తెలుగు వ్యాకరణం రచించారు. 1732 నాటికి బైబిలును తెలుగులోనికి అనువదించారు. ఆయన ముఖ్యోద్దేశం మతప్రచారమే; ఆ మాట దాచనక్కరలేదు. అయినను ఒక భాషను గౌరవించి నేర్చినవాని శ్రమ ఆ భాషకంతటికీ మేలు చేస్తుంది.

1743లో ఆయన స్వదేశానికి మరలినారు. ఇరువదినాలుగు ఏండ్లు గడిపిన దేశాన్ని విడిచినా తెలుగును విడువలేదు. హాలే ముద్రణాలయంలో తెలుగు అక్షరాలకు పోతపోయించారు. అది సామాన్యమైన పని కాదు. లాటిన్ లిపికి కొద్ది అక్షరాలు చాలును. తెలుగులో ఒక్కొక్క హల్లుకు గుణింతమున్నది. తలకట్టు, కొమ్ము, సుడి, ఒత్తు అన్నీ కుదరాలి. నేతలో ఒక్క పోగు తప్పితే గుడ్డపై కనబడినట్లు, ఇక్కడ ఒక్క ఒత్తు తప్పితే పదమే మారిపోతుంది. తెలుగు నోట పలుకని ఊరిలో ఆ కళ ఫలించింది. 1746, 1747 సంవత్సరాలలో వెలువడిన చిన్న మతగ్రంథాలే తెలుగు లిపిలో అచ్చయిన తొలి పుస్తకాలుగా ప్రసిద్ధికెక్కాయి.

ఆయన కోరినవన్నీ నెరవేరలేదు. ఆయన తెలుగు బైబిలు అచ్చుకు నోచుకోలేదు. వ్యాకరణం వ్రాతప్రతిగానే ఉండిపోయింది. ఈలోగా 1814లో కేరీ, 1816లో కాంబెల్, 1840లో బ్రౌన్ తెలుగు వ్యాకరణాలు ప్రకటించారు. షుల్జ్ గ్రంథం 1984లో, ఆ హాలే నగరంలోనే వెలుగు చూసింది. అది చూడటానికి ఆయన లేరు, 1760లోనే కన్నుమూశారు. వ్రాసిన రెండువందల యాభైయారేండ్లకు ఒక పుస్తకం లోకానికి అందిందంటే, అక్షరంపై చేసిన శ్రమ వృథా పోదని తెలుస్తుంది.

తల్లిదండ్రులారా! ఇంగ్లీషుతోనే ఉద్యోగమని, మరాఠీతోనే వ్యవహారమని బిడ్డను తెలుగు బడి మాన్పించే ఆలోచన పలు ఇండ్లలో కలుగుతున్నది. ఆ ఆలోచన వెనుక బిడ్డ భవిష్యత్తుపై బెంగ ఉన్నది, దానిని తప్పుపట్టలేము. షుల్జ్ కూడా తమిళం, తెలుగు, హిందుస్తానీ నేర్చారు. ఒక భాష నేర్చుకొనుటకు మరియొక దానిని వదలలేదు. ఇంగ్లీషు, మరాఠీ బిడ్డ తప్పక నేర్వవలెను. అయితే తాత పేరును తాత భాషలో వ్రాయలేని బిడ్డకు ఆ లోటును ఏ ఉద్యోగమూ తీర్చదు.

మగ్గం చప్పుడు ఆగిన తరువాత రోజుకొక్క అరగంట బిడ్డచేత తెలుగు చదివించండి. పూర్వవిద్యార్థులారా! ఒక పేద విద్యార్థికి పుస్తకాలు కొనివ్వండి. గ్రంథాలయానికి ఒక మంచి గ్రంథం ఇవ్వండి. ఎక్కడినుండో వచ్చిన పరదేశి తెలుగు అక్షరాన్ని సీసంలో పోతపోయించాడు. ఆ అక్షరాన్ని పిల్లల పలకపై నిలపడం తెలుగు ఇంట పుట్టినవారి వంతు.

స్వస్తి.