'రాత్రి' చిత్రము: ఇంటిలోని భయము



బదిలీ ఉత్తరువు చేతబట్టుకొని క్రొత్త ఊరిలో అద్దెయిల్లు వెదకు ఉద్యోగి గదులెన్నియో, నీటివసతి యెట్లున్నదో, బడి యెంత దూరమో విచారించును. ఆ యింట పూర్వమెవరు నివసించిరో, వారేమి యనుభవించిరో విచారించుట అరుదు. 1992లో వెలువడిన 'రాత్రి' చిత్రమునకు ఆ అడుగని ప్రశ్నయే మూలము.

1989లో 'శివ' చిత్రముతో పేరుగాంచిన రాంగోపాల్ వర్మ దీనిని తెలుగున 'రాత్రి'గను, హిందీలో 'రాత్'గను రూపొందించెను. పాటలు లేని యీ చిత్రమునకు నాడు తగిన యాదరణ లభింపలేదు. అదే దర్శకుడు 2003లో ఇట్టి యితివృత్తముతోనే తీసిన హిందీ చిత్రము 'భూత్' విజయము పొందినది. తొలి చిత్రము మాత్రము చాలకాలము మఱుగున పడియుండెను.

కథ స్వల్పము. ఒక మధ్యతరగతి కుటుంబము క్రొత్త యింట చేరును. పూర్వమచట హత్యకు గురియైన స్త్రీ ప్రేతము ఆ యింటి కుమార్తె మినీని ఆవహించును. ఆ పాత్రను రేవతి ధరించినది. భయము కొఱకు దర్శకుడు శ్మశానములకు పోలేదు. చచ్చి పాతిపెట్టబడిన పిల్లికూన మరల ఇంట దిరుగును. జనముతో నిండియున్న సినిమాహాలు మినీ కన్నులయెదుట శూన్యమై పోవును. నిత్యము చూచు వస్తువులే వెఱపు గొల్పును. మణిశర్మ నేపథ్యసంగీతము ఆ వెఱపును ఇనుమడింప జేయును.

అయినను చిత్రమునకు ప్రాణము ప్రేతము కాదు, తలిదండ్రుల భేదాభిప్రాయము. తల్లి మంత్రవేత్తను నమ్మును. తండ్రి మానసికవైద్యుని నమ్మును. ఇరువురకును కుమార్తెపై ప్రేమ సమానమే. ఎవరి మాట నెగ్గవలెనను వాదము సాగుచుండగా, నడుమ నలిగిపోవునది ఆ బాలికయే. మన యిండ్లలో ప్రేతములు లేకపోవచ్చును గాని, ఇట్టి వాదములు లేని యిల్లు అరుదు.

చిత్రమున తుదకు ఓంపురి ధరించిన మంత్రవేత్తయే యక్కఱకు వచ్చును. అది కథాధర్మము. దానిని జీవితమునకు అన్వయించుట తగదు. ఇంటి బిడ్డ ప్రవర్తన అకస్మాత్తుగా మారినపుడు పొరుగువారేమనుకొందురోయని దాచిపెట్టక, వైద్యుని యొద్దకు గొనిపోవుట పెద్దల విధి.

ఈ చిత్రమును కుటుంబసమేతముగా చూడదగును. పసిపిల్లలు నిద్రించిన పిదప చూచుట మేలు. చూచిన పిమ్మట దీపములు వెలిగించుకొనుట సహజమే. అంతకంటె ముఖ్యమైనది, మౌనముగా కూర్చున్న బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "ఏమమ్మా, ఏమైనది?" అని యడుగుట, చెప్పువఱకు ఓపికతో వినుట.